లింకుకో వాన కాదు, నెట్‌వర్క్ మొత్తానికి ఒకే వాన

ముందు మీ ప్రశ్నను కుదించి చెప్పుకుందాం. ముప్పై కిలోమీటర్ల చదరంలో నలభై మైక్రోవేవ్ లింకులున్న మెష్ (అనేక దారులతో అల్లుకున్న నెట్‌వర్క్) మీది. కొన్ని 20 గిగాహెర్ట్జ్ దగ్గర, కొన్ని 80 గిగాహెర్ట్జ్ ఈ-బ్యాండ్‌లో. ప్రతి లింకుకూ ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) పద్ధతిలో, ఏడాదిలో 99.99 శాతం సమయం పనిచేసేలా లెక్క ఇప్పటికే వేశారు. ఇప్పుడు వానలో రూటింగ్ (డేటాకు దారి ఎంచుకోవడం) ఎలా తట్టుకుంటుందో చూడటానికి సిమ్యులేటర్ రాస్తున్నారు. ఆ లెక్కకు సరిపడేలా ఒక్కో లింకుకూ విడిగా ఒక యాదృచ్ఛిక శ్రేణి పుట్టిస్తే చాలదా, చేతిలో ఉన్న పదిహేను నిమిషాల గ్రిడ్ వర్షపాత డేటా పనికొస్తుందా అన్నది మీ సందేహం.

చాలదండీ. ఇది తర్వాత మెరుగులు దిద్దుకోగల చిన్న లోపం కూడా కాదు. మీరు సిమ్యులేటర్‌తో తేల్చుకోవాలనుకుంటున్న విషయాన్నే ఆ పద్ధతి ముందుగా, అదీ తప్పుగా, తేల్చేస్తుంది.

99.99 శాతం అంటే ఏడాదిలో సుమారు 53 నిమిషాలు ఆ లింకు పోవచ్చని. ఒకదానికొకటి అండగా పెట్టిన రెండు లింకులు తీసుకోండి. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోతాయనుకుంటే, రెండూ కలిసి పోయే సమయం ఏడాదికి సెకనులో మూడో వంతు కూడా ఉండదు. ప్రతిసారీ ఒకే వాన రెండింటినీ పడగొడుతుందనుకుంటే అది పూర్తిగా 53 నిమిషాలు. రెండు అంకెల మధ్య పదివేల రెట్ల దూరం ఉంది. రింగ్ కట్టడం, అదనపు లింకుకు డబ్బు పెట్టడం, వీటి విలువంతా ఆ దూరంలో మీరెక్కడ ఉన్నారన్న దాని మీదే ఆధారపడుతుంది. మీరు లెక్కకు వాడిన ఐటీయూ సిఫారసు పి.530 ఒక లింకు గురించి అడిగితే ఒక లింకు గురించే చెబుతుంది, పక్క లింకు అదే నిమిషంలో ఏం చేస్తోందో దానికి పట్టదు. లింకులన్నీ స్వతంత్రం అని మీరు కోడ్‌లో రాసేస్తే ఎంత చెత్త రూటింగ్ ప్రోటోకాల్ అయినా బ్రహ్మాండంగా కనిపిస్తుంది, ఎందుకంటే పక్కదారి దాదాపు ఎప్పుడూ పొడిగానే ఉంటుంది.

కాబట్టి మోడల్ చెయ్యాల్సింది లింకులను కాదు, వానను. మ్యాపు మొత్తం మీద ఒకే వర్షక్షేత్రం ఉండాలి, అది కాలంతో కదలాలి, మారాలి. నలభై లింకులూ దాన్ని నలభై గీతలుగా కోస్తాయి. ప్రతి గీత వెంట నష్టాన్ని కూడితే ఆ క్షణానికి ఆ లింకు పరిస్థితి తెలుస్తుంది. లింకుల మధ్య కోరిలేషన్‌ను (ఒకటి మారితే రెండోది దాంతో ఎంతవరకు మారుతుందన్న కొలతను) మీరు విడిగా ఊహించి పెట్టనక్కర్లేదు. ఏ లింకు ముందు పడుతుంది, ఎన్ని నిమిషాలకు రెండోది పడుతుంది అన్న వరస కూడా దానంతట అదే వస్తుంది. రూటింగ్‌కు కావాల్సింది అసలు ఆ వరసే.

వాన నుంచి సిగ్నల్ నష్టానికి, అంటే డెసిబెల్స్ (డీబీ)కు, వెళ్లడం ఇందులో తేలిక భాగం. వర్ష తీవ్రతను ఆల్ఫా ఘాతానికి పెంచి, దాన్ని కె అనే గుణకంతో హెచ్చిస్తే కిలోమీటరుకు నష్టం వస్తుంది. కె, ఆల్ఫా ఫ్రీక్వెన్సీని బట్టి, పోలరైజేషన్‌ను (తరంగం ఊగే దిశను) బట్టి మారతాయి, పట్టికలు ఐటీయూ-ఆర్ పి.838-3లో ఉన్నాయి. గంటకు 50 మి.మీ. వానలో, హారిజాంటల్ పోలరైజేషన్‌కు, 20 గిగాహెర్ట్జ్‌లో కిలోమీటరుకు 5.7 డీబీ, 40లో 13 డీబీ, 80లో 19 డీబీ పోతాయి. ఇక్కడ తీవ్రత అంటే ఒక నిమిషం సగటు. గంట సగటును తెచ్చి ఇందులో పెట్టకూడదు. కుండపోత అయిదు నిమిషాల్లో కురిసి ఆగిపోతే గంట సగటులో అది చిరుజల్లులా కనిపిస్తుంది.

చాలామంది చూడకుండా దాటేసే చోటు ఆల్ఫా. 20 గిగాహెర్ట్జ్‌లో అది 1.06, అంటే దాదాపు సరళరేఖ. 80లో 0.71, వంపు బాగా ఉంది. దీని ఫలితం అంకెల్లో చూడండి. నాలుగు కిలోమీటర్ల లింకులో ఒక్క కిలోమీటరు మీదే గంటకు 100 మి.మీ. వాన, మిగతా మూడు కిలోమీటర్లు పొడి. 20 గిగాహెర్ట్జ్‌లో అసలు నష్టం 11.9 డీబీ. ముందు వానను దారంతా సగటు చేసి, గంటకు 25 మి.మీ. అనుకుని లెక్కేస్తే 11 డీబీ. పెద్ద తేడా లేదు. అదే 80లో అసలు నష్టం 31 డీబీ, సగటు చేసి లెక్కేస్తే 46 డీబీ. పదిహేను డీబీ తేడా అంటే లింకు నిలబడటానికీ కూలడానికీ మధ్య తేడా. అందుకే ఈ-బ్యాండ్ లింకులున్న నెట్‌వర్కుకు ముతక గ్రిడ్ పనికిరాదు. నేనైతే లింకు వెంట పావు కిలోమీటరు నుంచి అర కిలోమీటరు అడుగులతో, ఏ అడుగుకు ఆ అడుగు డెసిబెల్స్‌లోకి మార్చి, ఆ తర్వాతే కూడతాను. 20 గిగాహెర్ట్జ్ లింకులకు ఒక కిలోమీటరు గ్రిడ్ సరిపోతుంది.

ఇక ఆ క్షేత్రం ఎలా ఉండాలి? ఇందులో రెండు వేర్వేరు పొడవులున్నాయని గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే. వాన పడుతోందా లేదా అన్నది దూరం దాకా ఒకేలా ఉంటుంది. ఎంత గట్టిగా పడుతోందన్నది మాత్రం కొద్ది దూరంలోనే మారిపోతుంది. ఉపగ్రహ గేట్‌వేల (భూకేంద్రాల) సైట్ డైవర్సిటీ కోసం, అంటే ఒక చోట వాన పడితే మరో చోటును వాడుకోవడం కోసం, ఐటీయూ పి.618లో ఇచ్చిన సూత్రాలు ఈ తేడాను స్పష్టంగా చూపిస్తాయి. వాన ఉందా లేదా అన్నదానికి పది కిలోమీటర్ల దూరంలో కోరిలేషన్ 0.89, ముప్పై కిలోమీటర్లకు 0.72. సిగ్నల్ నష్టానికైతే పదికి 0.73, ముప్పైకి 0.41. ఇవి నేరుగా డెసిబెల్స్ మధ్య కోరిలేషన్లు కావు, వాటి వెనక ఉన్న గాసియన్ (గంట ఆకారపు విభాజనం ఉన్న) చలరాశుల మధ్యవి. పైగా ఆకాశంలోకి ఏటవాలుగా వెళ్లే దారుల కోసం, అన్ని రకాల వానలనూ కలిపి ఇచ్చినవి. ఉరుములతో వచ్చే వానలో ఇంతకంటే వేగంగా పడిపోతాయి. అయినా బొమ్మ మాత్రం సరైనదే: వాన రోజున మీ ముప్పై కిలోమీటర్ల చదరమంతా తడుస్తుంది, కానీ లింకును పడగొట్టగల గట్టి ముద్ద ఏదో ఒక మూలన ఉంటుంది. వానలో దారి మళ్లించడం వల్ల లాభం ఉందంటే ఈ కారణం వల్లే. అంతా ఒకే తీవ్రతతో కురిస్తే ఏ రూటింగూ ఆదుకోదు.

ఈ బొమ్మను కట్టే మోడళ్లలో ఇంజనీర్లకు ఎక్కువగా తెలిసినవి వర్షకణ (రెయిన్ సెల్, అంటే ఒక్కో వాన ముద్ద) మోడళ్లు. 1987లో కాప్సోనీ, సహచరులు ఇచ్చిన ఎక్సెల్ మోడల్‌లో ప్రతి వాన ముద్దకూ మధ్యలో ఒక శిఖరం, అక్కడి నుంచి ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గుదల. తర్వాత నడిమి భాగాన్ని గాసియన్‌గా మార్చిన హైసెల్, ముద్దలను గుంపులుగా పేర్చే మల్టీఎక్సెల్ వచ్చాయి. రెండు గేట్‌వేలు ఎంత దూరంలో పెట్టాలి, ఒక హబ్ (చాలా లింకులు కలిసే చోటు) చుట్టూ ఎన్ని లింకులు కలిసి పోతాయి లాంటి నిలకడ ప్రశ్నలకు ఇవి చక్కగా పనికొస్తాయి. కాలం మాత్రం వీటిలో సహజంగా లేదు, ఒక్కో ఫొటో విడిగా పుడుతుంది. మీది రూటింగ్ ప్రశ్న కాబట్టి ఇవి ఒక్కటే చాలవు. జలశాస్త్రవేత్తలు వాడే పాయింట్ ప్రాసెస్ మోడళ్లలో కాలం ఉంది. తుఫాను గుంపులు పుట్టడం, వాటిలో ముద్దలు పుట్టి చావడం అన్నీ ఉంటాయి. కానీ వాటి ముద్దల లోపల తీవ్రత చాలాసార్లు బల్లపరుపుగా ఉంటుంది, మైక్రోవేవ్ లింకుకు ఆ ముతకదనం సరిపడదు.

మీ పనికి నేను సూచించేది గాసియన్ క్షేత్రాన్ని వానగా మార్చే పద్ధతి. 1987లో థామస్ బెల్ ఉపగ్రహ వర్షమాపన అధ్యయనాల కోసం రాసిన మోడల్ దీనికి మంచి పునాది. ముందు ఎఫ్‌ఎఫ్‌టీతో (క్షేత్రాన్ని రకరకాల పరిమాణాల తరంగాలుగా చూసే ఫోరియర్ లెక్కతో), కావాల్సిన కోరిలేషన్ ఉన్న గాసియన్ క్షేత్రాన్ని పుట్టిస్తారు. ఒక హద్దు విలువ (గీత) కంటే తక్కువ ఉన్న చోట్ల వాన లేదు. ఆ గీత ఎక్కడన్నది తడి భాగం ఎంత శాతమో చెబుతుంది. గీతకు పైన ఉన్న విలువలను లాగ్‌నార్మల్ (లాగరిథమ్ గాసియన్‌గా ఉండే) తీవ్రతలుగా మారుస్తారు. కాలంతో మార్చేటప్పుడు ప్రతి ఫోరియర్ భాగానికీ దాని సొంత జ్ఞాపకం ఇస్తారు. పెద్ద ఆకారాలు నెమ్మదిగా మారతాయి, చిన్నవి వేగంగా చెరిగిపోతాయి. ఈ ఒక్క ఏర్పాటు వల్లే క్షేత్రం నిజమైన వానలా ప్రవర్తిస్తుంది. అన్ని పరిమాణాలకూ ఒకే జ్ఞాపకం ఇస్తే, చిన్న ముద్దలు గంటల తరబడి బతికి ఉంటాయి, లేదంటే వాన మొత్తం అయిదు నిమిషాల్లో మాయమవుతుంది.

దీనికో బలహీనత ఉంది. గాసియన్ ఆధారపడటంలో, రెండు చోట్లా కలిసి అతి తీవ్రమైన విలువలు రావడం, తీవ్రత పెరిగేకొద్దీ అరుదైపోతుంది. కోరిలేషన్ ఒకటి కంటే తక్కువైతే చాలు, చివరి తోక దగ్గర రెండూ దాదాపు విడిపోతాయి. దూరంగా ఉన్న లింకులకు ఇది పెద్ద ఇబ్బంది కాదు, గట్టి ముద్దలు ఎలాగూ చిన్నవే. ఒకే హబ్ నుంచి బయలుదేరే లింకుల విషయంలో మాత్రం కలిసి పోవడాన్ని తక్కువగా చూపించే ప్రమాదముంది. అందుకే చివర్లో చెప్పే పరీక్ష తప్పనిసరి.

కాలం దగ్గరికి వద్దాం. ఉపగ్రహ లింకుల వాళ్లు తరచూ వాడేది 1981లో మాసెంగ్, బాకెన్ ప్రతిపాదించిన రూపం. నష్టం లాగ్‌నార్మల్, దాని లాగరిథమ్ వెనకటి విలువను క్రమంగా మరచిపోయే మార్కోవ్ ప్రక్రియ. కాలశ్రేణులు పుట్టించే పి.1853 దీని మీదే నిలబడింది, అందులో ఇచ్చిన వేగం ప్రకారం జ్ఞాపకం సుమారు 5000 సెకన్లు. ఒక లింకు మోడెమ్‌ను పరీక్షించడానికి అది బాగుంటుంది. కానీ నలభై లింకులకు నలభై సార్లు నడిపితే మళ్లీ మీరు మొదలుపెట్టిన చోటికే వస్తారు. నెట్‌వర్క్ వాళ్లకు మహా ఇష్టమైన రెండు స్థితుల మార్కోవ్ గొలుసు, బాగుంది-పోయింది అనేది, దీనికంటే ఒక మెట్టు కింద ఉంటుంది.

నెట్‌వర్కులో కాలపు మార్పు ఎక్కువగా వచ్చేది వాన పుట్టి చావడం వల్ల కాదు, కదలడం వల్ల. కొన్ని నిమిషాల వరకూ వర్షక్షేత్రం ఆకారం మారకుండా, గాలితో పాటు ఊరేగింపులా సాగిపోతుందనుకోవచ్చు. దీన్ని టేలర్ ఊహ అంటారు. మాట్రిచ్చాని 1996లో వివరించిన కృత్రిమ తుఫాను పద్ధతి పూర్తిగా దీని మీదే నడుస్తుంది: ఒక చోట నిమిషానికోసారి కొలిచిన వానను గాలి వేగంతో దూరంగా మార్చి, లింకు మీదుగా నడిపిస్తారు. ఒక్క లింకుకు అది ముచ్చటైన పద్ధతి. మెష్‌కు కాదు, దానిలో గాలి దిశకు అడ్డంగా ఏమీ మారదు.

ఈ కదలికను మీ మ్యాపు మీద పెట్టి చూడండి. గంటకు 100 మి.మీ. వాన గోడ సెకనుకు 10 మీటర్ల వేగంతో 80 గిగాహెర్ట్జ్ లింకు పొడవునా పాకుతోందనుకుందాం. కిలోమీటరుకు 31 డీబీ కాబట్టి సెకనుకు 0.31 డీబీ చొప్పున నష్టం పెరుగుతుంది. 30 డీబీ మార్జిన్ (లింకు తట్టుకోగల అదనపు నష్టం) సుమారు వంద సెకన్లలో కరిగిపోతుంది. మాడ్యులేషన్ మెట్లు దిగడానికీ (వేగం తగ్గించుకుని లింకును నిలబెట్టుకోవడానికీ), రూటింగ్ దారి మార్చడానికీ ఆ వ్యవధి హాయిగా సరిపోతుంది. అదే గోడ లింకుకు సమాంతరంగా ఉండి పక్క నుంచి వచ్చి కప్పేస్తే, మొత్తం పొడవు దాదాపు ఒకేసారి తడుస్తుంది. ఒకే వాన, ఒకే లింకు, ఒకే గాలి వేగం. తేడా దిశ ఒక్కటే. మీ ప్రాంతంలో భారీ వానలు సాధారణంగా ఏ దిక్కు నుంచి వస్తాయో మోడల్‌లో లేకపోతే ఈ విషయం మీకెప్పుడూ కనిపించదు. ఆ దిశలో వరసగా ఉన్న లింకులు ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. అంటే వాన ముందు చేరే లింకు పడిందన్న వార్తే తర్వాతి లింకుకు ముందస్తు హెచ్చరిక. దీన్ని వాడుకునే రూటింగ్ రాస్తే దాని ప్రయోజనం ఇలాంటి సిమ్యులేటర్‌లోనే బయటపడుతుంది.

ఇప్పుడు మీ పదిహేను నిమిషాల డేటా. నేరుగా వాడకండి. సెకనుకు 10 మీటర్ల గాలిలో పదిహేను నిమిషాలంటే 9 కి.మీ. నాలుగైదు కిలోమీటర్ల ముద్ద రెండు ఫ్రేముల మధ్యే ఒక లింకును పూర్తిగా దాటిపోతుంది. అది క్షణచిత్రం కాక మొత్తం కురిసిన వాన అయితే, ముద్ద పొడవాటి చారగా సాగి, శిఖరం అణిగిపోయి ఉంటుంది. అన్నిటికంటే చెడ్డ పని రెండు ఫ్రేముల మధ్య సాదాగా ఇంటర్‌పొలేట్ చెయ్యడం. మధ్య క్షణంలో ఒక్క గట్టి ముద్దకు బదులు, పాత చోట ఒకటి, కొత్త చోట ఒకటి, సగం బలంతో రెండు దెయ్యాలు కనిపిస్తాయి. పోవాల్సిన లింకు పోదు, తడవకూడనిది తడుస్తుంది. ముందు రెండు ఫ్రేముల నుంచి కదలిక వేగాన్ని అంచనా వేసి, దాని వెంట ముద్దను జరిపి, ఆ తర్వాతే తీవ్రతను కలపాలి. అయిదు నిమిషాల రాడార్ డేటాతో ఇది బాగా కుదురుతుంది. పదిహేను నిమిషాలకు, అదీ ఉరుముల వానకు, అంతంతమాత్రం. మీ డేటాను పారేయమనడం లేదు. ఏ నెలలో, ఏ వేళ ఎంత భాగం తడిగా ఉంటుంది, ముద్దలు ఎటు వెళ్తాయి అన్న పారామీటర్లు అందులోంచి తీసుకుని, సూక్ష్మ వివరాన్ని మోడల్‌తో నింపండి. పక్కనే వర్షమాపకం ఉందని సంబరపడేముందు దాని బకెట్ పరిమాణం చూసుకోండి. 0.2 మి.మీ. బకెట్ నిమిషంలో ఒక్కసారి ఒరిగితే గంటకు 12 మి.మీ. అన్నమాట, నిమిషం లెక్కలో అంతకంటే సన్నని మెట్టు దానికి లేదు.

రాడార్ దొరికితే అన్నిటికంటే దగ్గరి దారి పాత తుఫానులను మళ్లీ నడపడం. పైస్టెప్స్ అనే ఉచిత పైథాన్ లైబ్రరీలో కదలిక అంచనా, పరిమాణాన్ని బట్టి మారే జ్ఞాపకం, యాదృచ్ఛిక రూపాల పుట్టింపు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. వర్షపు ముందస్తు అంచనా కోసం రాసినదైనా ఒక నిజ తుఫాను నుంచి దాని అన్నదమ్ముల్లాంటి వాటిని పుట్టించడానికి మీరూ వాడుకోవచ్చు. లింకు కొలతలు చేతిలో లేకపోతే, గోథెన్‌బర్గ్ నగరంలో 2015 వేసవిలో పది సెకన్లకోసారి తీసిన మైక్రోవేవ్ లింకు కొలతలు, రాడార్, వర్షమాపకాలతో కలిపి ఓపెన్‌ఎమ్‌ఆర్‌జీ పేరుతో ఉచితంగా ఉన్నాయి. మీ వాతావరణం వేరు కావచ్చు, కోడ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి అది చాలు.

ఎంతకాలం నడపాలి అన్నది అందరూ తక్కువ అంచనా వేసే సంగతి. ఆ 53 నిమిషాలు ఏడాదంతా పరచుకుని ఉండవు, కొద్ది తుఫానుల్లో ముద్దగా వస్తాయి. ఒక్క ఏడాది సిమ్యులేషన్‌ను రెండు వేర్వేరు సీడ్లతో (యాదృచ్ఛిక అంకెల మొదళ్లతో) నడిపితే, వాటి మధ్య తేడా మీరు పోల్చదలచిన రెండు ప్రోటోకాల్స్ మధ్య తేడాను మింగేస్తుంది. పొడి రోజులను నడపడం దండగ. వాన గంటలను రకాలుగా విడదీసి, భారీ వాటిని ఎక్కువసార్లు నడిపి, లెక్కలో వాటి బరువు తగ్గించుకోండి. రెండు ప్రోటోకాల్స్‌నూ ఒకే తుఫానుల మీద పరీక్షించండి. నిజ జీవితంలో కూడా ఏడాదికీ ఏడాదికీ చాలా తేడా ఉంటుంది, దానికి ఐటీయూ విడిగా పి.678 ఇచ్చింది.

సరిచూసుకోవడానికి, ఒక్కో లింకులో ఎంత నష్టం ఎంత సమయం ఉంటుందో చూపే వక్రరేఖ పి.530తో కలుస్తోందా అన్నది మొదటి మెట్టు మాత్రమే, అది స్వతంత్ర శ్రేణులతో కూడా కలుస్తుంది. ఫేడ్ (సిగ్నల్ పడిపోవడం) ఎంతసేపు ఉంటోంది అన్నది రెండోది. అసలు పరీక్ష ఇది: ఒకే నిమిషంలో మూడు, అయిదు, పది లింకులు కలిసి పడిన సమయం ఏడాదిలో ఎంత? ఈ వక్రరేఖ తప్పితే మిగతావన్నీ సరిపోయినా లాభం లేదు. హబ్ దగ్గర ఇది తక్కువగా వస్తే, పైన చెప్పిన గాసియన్ తోకను అనుమానించండి. ఇంకో అనుమానితుడు తడిసిన యాంటెన్నా. కవర్ మీది నీటిపొర కొన్ని డీబీలు మింగుతుంది, వాన ఆగాక కూడా కాసేపు ఉంటుంది, పైగా హబ్ మీద వాన పడితే అక్కడి యాంటెన్నాలన్నీ ఒకేసారి తడుస్తాయి. దారి పొడవునా కూడిన నష్టంలో ఇది లేదు, విడిగా కలపాలి.

ఇంత చెయ్యడానికి ముందు, ఇప్పటికే నడుస్తున్న లింకులుంటే వాటి రిసీవ్ లెవెల్ లాగ్స్ (అందిన సిగ్నల్ బలం నమోదులు) తీయించండి. మేనేజ్‌మెంట్ సిస్టమ్ చాలాచోట్ల పదిహేను నిమిషాలకు కనిష్ఠం, గరిష్ఠం మాత్రమే దాస్తుంది. ఒకే కిటికీలో రెండు లింకుల కనిష్ఠం పడిపోయిందంటే రెండూ ఒకే క్షణంలో పడ్డాయని కాదు, కాబట్టి కలిసి పడిన సమయానికి అది పై హద్దు. వీలైతే ఒక వానాకాలం పాటు పది సెకన్లకు మార్పించండి. లింకుల మ్యాపు, బ్యాండు, మార్జిన్, భారీ వానలు వచ్చే దిక్కు ఇక్కడ పెడితే, కోరిలేషన్ పొడవు, గ్రిడ్ అడుగు ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో అంకెలతో చెబుతాను.